కాలవ గట్ల మీద సైకిలు: క్లైడ్ నార్త్ నుంచి కూ వీ రప్ దాకా

క్లైడ్ నార్త్‌లో ఉండే మనవాళ్లని ఆదివారం ఎటు వెళ్లారని అడిగితే జవాబులు ఇంచుమించు ఒకటే. క్యారమ్ డౌన్స్ శివా విష్ణు గుడికి, ఫిలిప్ ఐలాండ్‌కి, డాండెనాంగ్ కొండలకి, లేదంటే సెయింట్ కిల్డా బీచ్‌కి. అన్నీ మంచి చోట్లే. కానీ మన ఇళ్ల వెనక, కార్డినియా క్రీక్ దాటి తూర్పుకీ దక్షిణానికీ పరుచుకున్న బల్లపరుపు నేలని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఫిలిప్ ఐలాండ్ వెళ్తుంటే కారు అద్దంలోంచి కనపడి వెనక్కి పోయే పొలాలు, అంతే. ఆ పొలాల మధ్య సైకిలు తొక్కితే ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ వ్యాసం. మెల్బోర్న్ చుట్టుపక్కల ఇంత చదునుగా, ఇంత నిశ్శబ్దంగా, పిల్లలతో తొక్కడానికి ఇంత వీలుగా ఉన్న నేల నాకు ఇంకెక్కడా కనపడలేదు. పైగా కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్లకి ఆ దారులు ఎక్కడో చూసినట్టే ఉంటాయి. ఎందుకో ముందుకెళ్లాక చెప్తాను.

ముందు మన ఊరి సంగతి. క్లైడ్ అనేది స్కాట్లాండ్‌లోని నది పేరు. ఇక్కడ ఒక చిన్న వాగుకి ఆ పేరు పెట్టారు, వాగు పేరు ఊరికి వచ్చింది. నిజానికి పాత క్లైడ్ అంటే ఇప్పటి మన క్లైడ్ నార్తే. 1888లో సౌత్ గిప్స్‌లాండ్ రైలు మార్గం వచ్చి, స్టేషను కాస్త దక్షిణంగా కట్టడంతో పేరు అటు జరిగిపోయింది. పాత ఊరికి ‘నార్త్’ తగిలింది. తర్వాత ఆ రైలూ ఆగిపోయింది. ఇప్పుడు క్రాన్‌బోర్న్ దాటి రైలు లేదు. క్లైడ్ దాకా మళ్లీ ఎప్పుడు వస్తుందా అని మనందరం ఎదురుచూస్తూనే ఉన్నాం. 2021 జనాభా లెక్కల నాటికే క్లైడ్ నార్త్‌లో 31 వేల మందికి పైగా ఉన్నారు. అంతకు కొన్నేళ్ల ముందు ఇవన్నీ పచ్చిక బీళ్లు, కూరగాయల తోటలు. ఇళ్ల వరసలు ఆగిపోయే చోట నిలబడి చూస్తే ఆ పాత నేల ఇంకా కనపడుతుంది. అక్కడి నుంచి సముద్రం వరకు ‘గ్రీన్ వెడ్జ్’ అంటారు, అంటే నగరం పాకకుండా చట్టంతో ఆపి ఉంచిన పచ్చని నేల. మన సైకిలు దారి మొదలయ్యేది అక్కడే.

ఆ నేల నూట ముప్ఫై ఏళ్ల కిందట నేల కాదు. దాని పేరు కూ వీ రప్ చిత్తడి. దాదాపు 400 చదరపు కిలోమీటర్లు. కొండల నుంచి దిగే కార్డినియా క్రీకూ, బనిప్ నదీ సముద్రాన్ని చేరే సరైన దారి లేక ఇక్కడే పరుచుకుని నిలిచిపోయేవి. మనిషి దూరలేనంత దట్టంగా పేపర్‌బార్క్ చెట్లు, రెల్లు, నల్లటి పీట్ మట్టి. ఈ నేల అసలు హక్కుదార్లు బూన్‌వురుంగ్ ప్రజలు. కూ వీ రప్ అంటే వాళ్ల భాషలో బ్లాక్‌ఫిష్ అనే చేప ఈదుతున్న చోటు అని అర్థం చెప్తారు. పేరులోనే చేప ఉంది, అంటే నీళ్లు ఎంత ఉండేవో ఊహించుకోవచ్చు.

పెద్ద ఎత్తున నీళ్లు తీసే పని 1889లో మొదలైంది. చిత్తడి మధ్యలోంచి వెస్టర్న్ పోర్ట్ అఖాతం దాకా 20 కిలోమీటర్లకు పైగా మెయిన్ డ్రెయిన్ తవ్వారు. తర్వాత ఆ పని ప్రభుత్వ ఇంజనీరు కార్లో కటానీ చేతికి వచ్చింది. ఆయన ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టి 1876లో మెల్బోర్న్ వచ్చిన మనిషి. సెయింట్ కిల్డా బీచ్‌లో గడియార స్తంభం ముందు మనలో చాలామంది ఫొటోలు దిగే ఉంటాం. అది ఆయన జ్ఞాపకార్థం కట్టిందే, పక్కనున్న కటానీ గార్డెన్స్ కూడా ఆయన పేరుదే. 1890లలో ఆర్థిక మాంద్యం వచ్చి మెల్బోర్న్‌లో పనులు లేక కుటుంబాలు అల్లాడుతుంటే, ఒక పద్ధతి పెట్టారు. ఒక్కో కుటుంబానికి 20 ఎకరాలు. ఇంటాయన పదిహేను రోజులు కూలికి డ్రెయిను తవ్వాలి, తర్వాత పదిహేను రోజులు తన నేల బాగు చేసుకోవాలి. చేతుల్లో పారలు, మోకాళ్ల దాకా బురద. ఇప్పుడు మనం హాయిగా తొక్కే గట్లన్నీ అలా లేచినవే.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇక్కడ కాటన్ దొర గుర్తుకు రాక మానడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని నుంచి నీళ్లు మన పొలాల్లోకి వచ్చాయి. ఇక్కడ కటానీ చేసింది అందుకు సరిగ్గా తిరగేసిన పని, పొలాల్లోంచి నీళ్లు బయటికి పంపడం. కానీ కంటికి కనపడేది ఒకటే. తిన్నగా పోయే కాలవ, దాని రెండు పక్కలా గట్టు, గట్టు మీద దారి, కింద పొలాల్లో బోదెలు. మాది కైకలూరు వైపు. మొదటిసారి ఆ గట్టెక్కినప్పుడు కొబ్బరిచెట్లూ, తాటిచెట్లూ లేకపోవడం తప్ప మిగతాదంతా తెలిసిన దారిలాగే ఉంది.

ఇక దారుల గురించి. క్లైడ్ నార్త్ నుంచి నేరుగా సైకిలు మీద వెళ్లాలనుకుంటే మ్యాపులో బల్లార్టో రోడ్డు, మాంక్స్ రోడ్డు తిన్నగా కనపడతాయి. వాటిని నమ్మకండి. కార్లు వేగంగా వస్తాయి, పక్కన చోటు తక్కువ. పిల్లలతో అయితే సైకిళ్లు కారు వెనక స్టాండుకి కట్టుకుని కూ వీ రప్ దాకా వెళ్లడమే మేలు. అరగంట ప్రయాణం. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మొదటి దారి కూ వీ రప్ నుంచి బేల్స్, అక్కడి నుంచి కటానీ. ఒక వైపు 15 కిలోమీటర్ల లోపే. ఎత్తుపల్లాలు లేవు, గేర్లు మార్చే పని దాదాపు ఉండదు. ఊళ్లని కలిపే పెద్ద రోడ్డు మీద అప్పుడప్పుడు పాల ట్యాంకర్లు వస్తాయి, అందుకని పక్క రోడ్లు పట్టుకోవాలి. ఇక్కడి రోడ్లు గళ్ల నోటుపుస్తకంలో గీతల్లా ఉంటాయి, ఒకటి తప్పితే ఇంకొకటి. బేల్స్ ఒక చిన్న పల్లె. 1922లో కూ వీ రప్ నుంచి స్ట్రెజ్‌లెకీ కొండల్లోకి వేసిన రైలు ఈ ఊరి మీదుగా పోయేది. కొండ వైపు నుంచి ముక్కలు ముక్కలుగా మూసుకుంటూ వచ్చి, చివరికి 1959లో బేల్స్ ముక్క కూడా మూసేశారు. ఆ తర్వాత వచ్చేది కటానీ. ఇంజనీరు పేరే ఊరి పేరు. ఒక మైదానం, ఒక హాలు, కొన్ని ఇళ్లు. చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. మైదానం పక్కన చెట్ల నీడలో కూర్చుని పులిహోర తినడానికి మాత్రం అంతకంటే మంచి చోటు లేదు.

రెండో దారి మెయిన్ డ్రెయిన్ పక్కన, కూ వీ రప్ నుంచి కోరా లిన్, అయోనా మీదుగా బనిప్ వైపు. ఇది కాస్త పెద్దపిల్లలకి. కొంత తారు, కొంత కంకర, అందుకని వెడల్పు టైర్లు ఉంటే మంచిది. దారిని అడ్డంగా కోసే రోడ్ల పేర్లు సరదాగా ఉంటాయి. సెవెన్ మైల్ రోడ్, ఎలెవెన్ మైల్ రోడ్, థర్టీన్ మైల్ రోడ్. ఊళ్లు పుట్టకముందు డ్రెయినే ఇక్కడ కొలబద్ద, మైళ్ల లెక్కే చిరునామా. మా పిల్లలు ఒక్కో మైలు బోర్డు దగ్గరా ఆగి నీళ్లు తాగుతారు. అలా లెక్కపెట్టుకుంటూ పోతే అలసట తెలీదు.

మూడోది టూరడిన్. ఇది సముద్రపు పాయ ఒడ్డున ఉన్న చేపల ఊరు. హైవే మీద సైకిలు వద్దు. కారు ఒడ్డున పెట్టి, పాయ వెంట ఉన్న బాటలో తిరగండి. పెలికన్లు పడవల దగ్గర చేపల కోసం కాచుకుని ఉంటాయి. ఆటపాకలో పెలికన్లని చూసినవాళ్లకి ఇవి వాటి అన్నదమ్ముల్లా అనిపిస్తాయి, కాకపోతే నలుపు తెలుపు కాస్త ఎక్కువ. టూరడిన్ నుంచి కూ వీ రప్ వెళ్లే దారిలో హేర్‌వుడ్ అనే పాత ఇల్లు రోడ్డు మీదికే కనపడుతుంది. విలియమ్ లయల్ అనే భూస్వామి 1850, 60 దశకాల్లో కట్టుకున్నది. ఈ నేల చిత్తడిగా ఉన్న రోజుల్ని చూసిన ఇళ్లలో అదొకటి.

సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య వెళ్తే ఇంకో సంగతి కనపడుతుంది. నల్లటి మట్టిలో ఆకు లేకుండా, పెన్సిళ్లు గుచ్చినట్టు నిలబడ్డ పచ్చటి మొలకలు. అది ఆస్పరాగస్. ఆస్ట్రేలియాలో పండే ఆస్పరాగస్‌లో 90 శాతానికి పైగా ఈ కూ వీ రప్ చుట్టుపక్కలదే. వెచ్చటి రోజున మొలక కంటికి తెలిసేంత వేగంగా పెరుగుతుంది, అందుకని సీజన్లో రోజూ కోయాలి, అదీ చేత్తోనే. మన ఆయుర్వేదంలో వాడే శతావరి, పల్లెల్లో పిల్లిపీచర అంటాం కదా, అదీ ఇదీ ఒకే ప్రజాతి మొక్కలు. మనం అక్కడ వేరు తవ్వుకుంటాం, వీళ్లు ఇక్కడ మొలక కోసుకుంటారు. దారి పక్కన కొన్ని ఇళ్ల ముందు చిన్న బల్ల, దాని మీద కట్టలు, ఒక డబ్బా ఉంటాయి. మనిషి ఉండరు. డబ్బాలో చిల్లర వేసి కట్ట తీసుకోవడమే. చిన్న ముక్కలు కోసి, పెసరపప్పు వేసి, ఎండుమిరపకాయ వెల్లుల్లి తాలింపు పెడితే అచ్చం బీన్స్ కూరలా ఉంటుంది. వాసన మాత్రం ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. డ్రెయిను గట్ల మీద బ్లాక్‌బెర్రీ ముళ్లపొదల అడుగున జాగ్రత్తగా చూస్తే గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనపడతాయి. అవి సదరన్ బ్రౌన్ బ్యాండికూట్ అనే జంతువు తవ్వినవి. బ్యాండికూట్ అన్న మాట ఎక్కడిదో తెలుసా? మన పందికొక్కే! ధాన్యపు కొట్లలో కన్నాలు పెట్టే మన పందికొక్కు పేరుని ఇంగ్లీషువాళ్లు నోరు తిరిగినట్టు పలికి, తర్వాత ఆస్ట్రేలియా వచ్చాక పొడుగు ముక్కున్న ఈ జంతువుకీ అదే పెట్టేశారు. నిజానికి రెంటికీ చుట్టరికం లేదు. మనది ఎలుక జాతి. ఇది కంగారూలాగా పిల్లని సంచిలో పెట్టుకుని పెంచేది. సంచి మూతి మాత్రం వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. మా పిల్లలకి ఈ మాట చెప్పిన రోజు నుంచి ఇంట్లో ఎవరు వంటింట్లో గిన్నెలు కదిపినా “అమ్మా, పందికొక్కు!” అని ఒకటే నవ్వు.

నవ్వు వెనక ఉన్న సంగతి చిన్నది కాదు. ఈ జంతువు 2001 నుంచి దేశస్థాయిలో అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో ఉంది. చిత్తడి పోయింది, పేపర్‌బార్క్ అడవి పోయింది. దానికి మిగిలిందల్లా డ్రెయిన్ల వెంట, రోడ్ల అంచున, పాత రైలు కట్టల మీద ఉన్న సన్నటి పొదల బద్దీలే. విచిత్రం ఏమిటంటే, రైతులు కలుపు అని తిట్టుకునే బ్లాక్‌బెర్రీ ముళ్లే దాన్ని నక్కల నుంచీ పిల్లుల నుంచీ కాపాడుతున్నాయి. బదులుగా వేరే పొదలు నాటకుండా ఆ కలుపు కొట్టేస్తే దానికి తల దాచుకునే చోటే ఉండదు. ఇది మట్టి తవ్వి పురుగులనీ, భూమిలోపలి శిలీంధ్రాలనీ తింటుంది. ఆ తవ్వకంతో మట్టి గుల్లబారి వాన నీరు లోపలికి ఇంకుతుంది, శిలీంధ్రాల బీజాలు కొత్త చోటికి చేరతాయి. మనకి పనికిరానట్టు కనపడే ఒక అంచు మీద ఇంత జరుగుతోంది. దారిలో మేం ఇంతవరకు గుంటలు తప్ప జంతువుని చూడలేదు. చూడాలనుకునేవాళ్లు క్రాన్‌బోర్న్ బొటానిక్ గార్డెన్స్‌కి సాయంత్రం వేళ వెళ్తే, అదృష్టం ఉంటే పొదల అంచున కనపడుతుంది. మన కేసీ కౌన్సిల్లో పిల్లుల్ని ఇంటి ఆవరణ దాటి వదలకూడదన్న నియమం ఉంది కదా, అది ఎందుకో ఈ గుంటలు చూశాక నాకు బాగా అర్థమైంది.

ఒకసారి గట్టు మీద నుంచి మా నాన్నగారికి వీడియో కాల్ చేసి దారి చూపించాను. ఆయన కాసేపు చూసి, “బాగానే ఉందిగానీ, ఆ నీళ్లు ఎటు పోతాయమ్మా?” అన్నారు.

“సముద్రంలోకే నాన్నా.”

“సముద్రం పోటు మీదున్నప్పుడు?”

కొల్లేరు పక్కన బతికిన మనిషి అడగాల్సిన ప్రశ్న అది. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లోకి వస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే బయటికి దారి. లోపల వానా, బయట పోటూ కలిస్తే నీళ్లు ఎక్కడివక్కడ నిలబడిపోతాయి. ఇక్కడి వెస్టర్న్ పోర్ట్‌లో కూడా పోటుకీ పాటుకీ మధ్య తేడా చాలా ఎక్కువ. డ్రెయిన్లన్నీ తవ్విన తర్వాతే, 1934 డిసెంబరులో, కూ వీ రప్ ఊరు నీళ్లలో మునిగింది. ఆ తర్వాత డ్రెయిన్లు వెడల్పు చేశారు, కొత్తవి తవ్వారు, కోరా లిన్ దగ్గర వరద పొంగిపొర్లే చోటు కట్టారు. అంటే ఈ పని ఒకసారి చేసి వదిలేసేది కాదు. ఇక్కడి మనుషులు నూట ముప్ఫై ఏళ్లుగా రోజూ చేస్తూనే ఉన్న పని.

కొల్లేరు కథ మనకి తెలిసిందే. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సార్ జాబితా, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఆపరేషన్ కొల్లేరు. వెస్టర్న్ పోర్ట్ కూడా 1982 నుంచి అదే రామ్‌సార్ జాబితాలో ఉంది. సైబీరియా వైపు నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చే చిన్న పక్షులు దాని బురద మేటల మీద వాలతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మన అందరి ఫోన్లూ ఆ వీడియోలతో నిండిపోయాయి. వాగు తన దారి మర్చిపోదు, మనమే ఇళ్లు కట్టుకుని మర్చిపోతాం అని అప్పుడు చాలామంది అన్నారు. ఆ మాట క్లైడ్ నార్త్‌కి కూడా వర్తిస్తుంది. మన పైకప్పుల మీదా, డ్రైవ్‌వేల మీదా పడ్డ వాన ఎక్కడికీ మాయమవదు. వీధి చివర జాలీలోంచి వాగులోకి, అక్కడి నుంచి ఆ చదును నేల మీదుగా వెస్టర్న్ పోర్ట్‌కి వెళ్తుంది. కారు కడిగిన సబ్బునీళ్లు, వీధిలో వదిలేసిన ప్లాస్టిక్ కవరు కూడా ఆ దారినే పోతాయి. మన ఎస్టేట్లలో పార్కుల మధ్య తవ్విన చెరువులు బాతుల్ని చూడ్డానికి మాత్రమే కాదు, ఆ నీటిని ఆపి, వడకట్టి, నెమ్మదిగా వదలడానికి. ఇది కాగితం మీద చదివితే పిల్లలకి ఎక్కదు. గట్టు మీద తొక్కుతూ, నీళ్లు పోయే వైపే మనమూ పోతుంటే వాళ్లే అడుగుతారు.

వెళ్లేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. హెల్మెట్ తప్పనిసరి. 1990లో ప్రపంచంలోనే మొదటిసారి ఈ చట్టం తెచ్చింది మన విక్టోరియానే. 13 ఏళ్ల లోపు పిల్లలు ఫుట్‌పాత్ మీద తొక్కొచ్చు, వాళ్లతో ఉన్న పెద్దవాళ్లూ తొక్కొచ్చు. పల్లె రోడ్ల మీద ఫుట్‌పాత్‌లు ఉండవు కాబట్టి పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, ముందొకరు వెనకొకరు ఉండండి. సైకిలుని దాటే కారు, వేగ పరిమితి 60 వరకు ఉన్నచోట ఒక మీటరు, అంతకు మించితే మీటరున్నర దూరం వదలాలి. అందరూ వదుల్తారనుకోకుండా మెరిసే జాకెట్ వేసుకోండి. గాలి సంగతి ముఖ్యం. చదును నేలకి గాలిని ఆపేది ఏదీ లేదు. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా చూసుకుంటే పిల్లలు ఏడవకుండా ఇంటికొస్తారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో మాగ్‌పై పక్షులు గూడు దగ్గరికి వస్తే తల మీదికి దూకుతాయి, ఆ చోట దిగి నడిచి వెళ్లండి. ఎండాకాలంలో గడ్డిలోకీ డ్రెయిను అంచుకీ దిగొద్దు, పాములుంటాయి. నీళ్లసీసాలు నింపుకుని వెళ్లండి, దారిలో దుకాణాలు తక్కువ. ఉత్తరం వైపు నుంచి వేడిగాలి కొట్టే రోజున, ఫైర్ బ్యాన్ ఉన్న రోజున అసలు బయల్దేరొద్దు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనం వాళ్లని ఎత్తైన భవనాలకీ, పెద్ద మాల్స్‌కీ తిప్పుతాం. ఈసారి వాళ్లలో ఎవరైనా డెల్టా వాళ్లుంటే ఈ గట్ల మీదికి తీసుకెళ్లండి. సైకిలు అక్కర్లేదు, కాసేపు నడిపించినా చాలు. కాలవ వాలు ఎటుందో, ఏ పొలం పల్లమో, పోటుకి నీళ్లు ఎక్కడి దాకా తంతాయో వాళ్లు చూడగానే చెప్తారు. పిల్లలు ఆ మాటలు వినాలి. ఈ పిల్లలు పెరిగి పెద్దయ్యేది ఈ నేల మీదే. ఇంకా ఎన్ని ఇళ్లు కట్టాలో, ఏ అంచుని వదిలేయాలో రేపు తేల్చాల్సింది వాళ్లే.